మూడింటి నుంచి నాలుగింటి దాకా

మేష్ట్రు పోయారన్న సంగతి నాకు వీధి కొళాయి దగ్గర తెలిసింది. నా బిందెకు ముందు ఇంకా నాలుగు బిందెలున్నాయి. పక్కింటామె ఖాళీ చేతులతో వచ్చి వరుసకు ముందు నిలబడింది. "ఏమమ్మా, నీదేమన్నా ఇంటి పన్ను ఎక్కువా, ముందు నిలబడేదానికి?" అని ఎవరో గొడవకు దిగబోయారు. ఆమె అదేదీ విననట్టు అందరివైపూ తిరిగింది.

"మేష్ట్రు లేరంట. నిన్న సాయంత్రం ఆటలింటికి తాళమేసి, ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోని మంచం మీద కూర్చున్న్యాడంట. అంతే" అంది.

కొళాయి కింది బిందె నిండి పొర్లిపోతున్నా ఎవరూ తీయలేదు. కాసేపటికి మా సందులో పూలు కట్టే ముసలామె చెంగుతో కళ్లు తుడుచుకుని, "నా కొడుకు పదో తరగతి తప్పి, చెప్పకుండా రైలెక్కి పోతా ఉంటే ఆయప్ప స్టేషన్లో పట్టుకున్న్యాడు. వద్దనలేదు, తిట్టలేదు. 'పొయ్యేటోడివి పో, రేపు క్యారం ఫైనల్ ఉండాది కదా, అది ఆడేసి పో' అన్న్యాడు. వాడు ఆడినాడు, గెలిచినాడు, పొయ్యేది మర్చేపోయినాడు" అంది.

మేమందరం నవ్వేశాం. ఏడుస్తూనే నవ్వాం. ఆ కొడుకు ఇప్పుడు సిటీ బస్సులో కండక్టరు. తర్వాత ఇంకొకామె తన తమ్ముడి సంగతి చెప్పింది, ఆ తర్వాత మరొకామె. ఆ పొద్దున మా వీధిలో అందరిళ్లలోనూ వంట ఆలస్యమైంది.

ఆయన జ్ఞాపకంగా వేస్తున్న ఈ చిన్న పుస్తకం చదివే మీలో చాలామందికి ఆయన నాకన్నా ఎక్కువ తెలుసు. మీరు ఆయన దగ్గర ఆడినవాళ్లు. నేను ఆడింది తక్కువ, చూసింది ఎక్కువ. అయినా నన్ను కూడా రాయమన్నారు కాబట్టి, నాకు తెలిసిన మేష్ట్రు గురించి రాస్తున్నాను.

బళేపేటలో గాజుల అంగళ్ల వెనక, సందు చివర ఆటలిల్లు ఉంది. పెంకుల కప్పు వేసిన ఒక హాలు, దాని వెనక పెద్ద పెరడు. పేట పెద్దలు ఎప్పుడో పిల్లల ఆటల కోసమని వదిలిపెట్టిన స్థలం. వదిలిపెట్టడం వరకే వాళ్లు చేశారు. తలుపు తీసి, చిమ్మి, నీళ్లు చల్లి, పిల్లల్ని పోగుచేసి, కొట్టుకుంటే విడదీసి, ముప్ఫై ఏళ్లు దాన్ని నడిపింది మేష్ట్రు. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పినవారు కాదు. ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు పని. తెల్లవారకముందే ఫ్యాక్టరీ బస్సెక్కి, మధ్యాహ్నం రెండున్నరకు దిగి, భోజనం చేసి, ఆ ఖాకీ ప్యాంటుతోనే ఆటలింటికి వచ్చేవారు. పైన బనియను. దానికి ఆయన భార్య, మా మేష్ట్రమ్మ, నీలిమందు ఎప్పుడూ కొంచెం ఎక్కువే పెట్టేది. దూరం నుంచి చూస్తే ఆకాశం ముక్క ఒకటి నడిచి వస్తున్నట్టుండేది.

సాయంత్రం మగపిల్లలది. క్యారం బోర్డులు రెండే, పిల్లలు ముప్ఫై నలభై మంది. స్ట్రైకరు మేష్ట్రు జేబులో ఉండేది. ఆ రోజు పేపర్లో ఒక వార్త గట్టిగా చదివినవాడికే అది దక్కేది. కన్నడం వచ్చినవాడు కన్నడం, తెలుగు వచ్చినవాడు తెలుగు, తమిళం వచ్చినవాడు తమిళం. తప్పు చదివితే ఆయన దిద్దేవారు కాదు. "ఇంకొకసారి" అనేవారు, అంతే. బాగా ఆడితే కూడా అదే మాట, చెడ్డగా ఆడినా అదే మాట. అట్లా క్యారం కోసం పేపరు చదివి చదివి, ఉద్యోగాల ప్రకటన కూడా వాళ్లే చదువుకుని దరఖాస్తులు పెట్టుకున్న పిల్లలు మా వీధిలో ఎంతమంది ఉన్నారో.

ఇక నా సంగతి. మా పుట్టిల్లు చందాపుర. మా నాయనది రాగులు, బియ్యం అమ్మే అంగడి. నేను నాలుగో తరగతి చదువుతుండగా నాయనకు నడుం నొప్పి పట్టుకుంది. అప్పటి నుంచి బడి మానేసి సేరు పట్టుకుని కొలవడం నా పని అయింది. ఇది చూడనివాళ్ల కోసం చెబుతాను. కొలిచేటప్పుడు మొదటి సేరును ఒకటి అనరు, లాభం అంటారు. ఆ సేరు సంచిలో పడి రెండోది నిండేదాకా "లాభం లాభం లాభం" అంటూనే ఉండాలి. తర్వాత "రెండు రెండు రెండు". నోరు ఆగితే లెక్క తప్పుతుంది. కొనేవాళ్లకు, అమ్మేవాళ్లకు, సంతలో పక్క అంగడివాళ్లకు కూడా వినిపించాలి. నేను చెబితే రోడ్డు అవతల బస్సు కోసం నిలబడినవాళ్లకు కూడా వినపడేదని నాయన గొప్పగా చెప్పుకునేవాడు.

పదిహేడేళ్లకు పెళ్లయి బళేపేటకు వచ్చాను. మా ఆయనకు గాజుల అంగడిలో పని. ఇంట్లో అత్త, పద్నాలుగేళ్ల ఆడపడుచు. ఆ ఇంట్లో కాలు పెట్టేసరికి నా గొంతు ఎక్కడికి పోయిందో పోయింది. అడిగినదానికి తలూపేదాన్ని. ఉప్పు అయిపోతే డబ్బా తెచ్చి అత్త ముందు పెట్టేదాన్ని. అత్త పక్కింటామెతో, "మా కోడలికి పండ్లు ఉండేది చూసినానప్పా, నాలుక ఉండేది ఇంకా చూడలేదు" అనేది. మా ఆయన కూడా, "ఏమన్నా మాట్లాడు. లేకుంటే ఇంట్లో దొంగ దూరినట్ల ఉంటాది" అనేవాడు. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. నాకే నోరు రాలేదు. ఇంటికి వీధి వైపు కిటికీ లేదు. పొయ్యి దగ్గర గూట్లోంచి పక్కింటి గోడ కనిపించేది. ఆరు నెలలు నేను ఆ గోడనే చూశాను.

ఒక ఆదివారం మేష్ట్రు మా ఇంటికి వచ్చారు. అరుగు మీద నిలబడే మాట్లాడారు, కూర్చోలేదు. నేను తలుపు వెనక ఉన్నాను.

"అమ్మా, ఆడపిల్లలకి ఒక గంట పెడతా ఉండాను. మూడింటి నుంచి నాలుగింటి దాకా. మొగపిల్లోళ్లు ఒక్కడుండడు. మా ఇంట్లోది వాకిట్లోనే కూర్చోనుంటాది. మీ పాపని పంపండి."

"ఆడపిల్లోళ్లు ఎగిరితే ఏమొస్తాది మేష్ట్రూ?" అంది అత్త.

"ఆకలొస్తాదమ్మా."

అత్తకు నవ్వొచ్చింది. మా ఆడపడుచు పుల్లలా ఉండేది. ఆ పిల్లకు అన్నం తినిపించడం ఇంట్లో రోజూ ఒక యుద్ధం. సగం ఒప్పుకున్నట్టే అయింది. మిగిలిన సగానికి అత్త షరతు పెట్టింది.

"అట్లయితే మా కోడలూ వస్తాది. కాపలాకి."

"రానీండి. కాపలా ఉంటే నాకూ ధైర్యం" అన్నారు మేష్ట్రు, నవ్వకుండా.

అట్లా నేను పదిహేడేళ్ల కాపలాదారునయ్యాను. ఆడే పిల్లల్లో ఇద్దరు నాకన్నా పెద్దవాళ్లు.

అక్కడ ఆడేది బాల్ బ్యాడ్మింటన్. పసుపుపచ్చ ఉన్నితో చుట్టిన బంతి, కొయ్య బ్యాట్లు, జట్టుకు ఐదుగురు. పిల్లల్లో చాలామందికి బూట్లు లేవు. మేష్ట్రు ఒక గోనెసంచి నిండా పాత క్యాన్వాసు బూట్లు ఉంచారు. అన్ని సైజులూ ఉండేవి. వచ్చిన వెంటనే సంచి బోర్లించేవారు. ఎవరి కాలికి ఏది పడితే అది. బూట్లు సొంతంగా ఉన్న పిల్లలు కూడా వాటిని ఇంట్లో వదిలి వచ్చి ఆ కుప్పలో వెతుక్కోవాలని ఆయన నియమం. దాంతో ఎవరికి ఉన్నాయో ఎవరికి లేవో ఎవరికీ తెలిసేది కాదు. ఇది నాకు అర్థమవడానికి రెండు నెలలు పట్టింది. పెట్టిన మనిషి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

ఆయన ఆడపిల్లల్ని కూడా "అప్పా" అనే పిలిచేవారు. "ఏమప్పా, బంతి నిన్ను కరస్తాదా? వెనక్కి పోతా ఉండావు?" అనేవారు. ఓడి ఏడుస్తున్న పిల్లతో, "ఓడిపొయ్యేదానికి సిగ్గెందుకప్పా? ఓడాలన్నా లోపలికి రావాల కదా" అన్న మాట ఆ పెరట్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. వాకిట్లో మేష్ట్రమ్మ చేటలో బియ్యం పోసుకుని ఏరుతూ కూర్చునేది. పోయేవాళ్లు, వచ్చేవాళ్లు ఆమెను చూసి, ఒక ఇల్లాలు కూర్చుని ఉంది కాబట్టి ఇది మర్యాదైన చోటే అనుకోవాలి. దానికోసమే ఆమె కూర్చోవడం. ఒకరోజు నేను పక్కన కూర్చుని చేటలోకి చూస్తే ఒక్క రాయి లేదు. ఆమె కన్ను గీటి, "రాళ్లు పోయిన నెల్లోనే అయిపోయినాయమ్మా. ఇప్పుడు సుమ్నే, ఊరికే ఏరతా ఉండాను" అంది. పెళ్లయిన తర్వాత నేను ఇంటి బయట పైకి నవ్వింది అదే మొదటిసారి.

కొన్నాళ్లకు ఆటలింట్లో పూజ వచ్చింది. పిల్లలకు పులిహోర చేయడానికి పది సేర్ల బియ్యం కొలవమని మేష్ట్రమ్మ సేరు నా చేతికిచ్చింది. చేతిలో సేరు పడింది, మూట విప్పాను, ఎక్కడున్నానో మరిచిపోయాను. "లాభం లాభం లాభం... రెండు రెండు..." పెరట్లో ఆట ఆగిపోయింది. పిల్లలందరూ బ్యాట్లు దించి నన్నే చూస్తున్నారు. మా ఆడపడుచు నోరు తెరుచుకుని ఉంది. నిచ్చెన మీద నిలబడి వల కడుతున్న మేష్ట్రు వెనక్కి తిరిగి చూశారు. నేను మూడు దగ్గర నోరు మూసుకుని, మిగిలిన ఏడు సేర్లు మనసులో కొలిచాను. ఆయన మళ్లీ వల కట్టుకున్నారు.

ఆ నెలలోనే కష్టం వచ్చింది. పేట పెద్దల్లో ఒక గాజుల సావుకారు ఉండేవారు. మధ్యాహ్నం పూట ఆ పెరట్లో గాజుల పెట్టెలు దించుకుంటే బాగుంటుందని ఆయనకు తోచింది. పైగా ఆడపిల్లల అరుపులు అంగళ్ల దాకా వస్తున్నాయని ఒకరిద్దరు అన్నారట. ఆయన ఆటలింటికి వచ్చి, "మేష్ట్రూ, ఈ ఆడపిల్లోళ్ల గంట సాకు, ఇంక చాలు. మొగపిల్లోళ్లది నడిపించుకో, అడ్డం రాము" అన్నారు.

మేష్ట్రు వాదించలేదు. "ఒక్క ఆట చూసి చెప్పండి సావుకారూ. వచ్చే ఆదివారం మడివాళ నుంచి ఆడపిల్లలు వస్తా ఉండారు. చూసినాక వద్దంటే ఆ పొద్దే మూసేస్తా" అన్నారు.

ఆ వారం పిల్లలు పిచ్చిపట్టినట్టు ఆడారు. మా ఆడపడుచు రాత్రి నిద్రలో చెయ్యి విసిరి నా ముక్కు మీద కొట్టింది. నాకు మాత్రం అన్నం దిగలేదు. ఆ పిల్లలకు పోయేది ఆట. నాకు పోయేది, ఆ గోడ కాకుండా వేరే ఏదైనా చూసే ఒకే ఒక్క గంట. ఆ మాట ఎవరికి చెప్పుకుంటాను? చెప్పడానికి నోరుండాలి కదా.

ఆదివారం వచ్చింది. మడివాళ పిల్లలు తమ టీచరమ్మతో బస్సు దిగి వచ్చారు. పేట పెద్దలకు కుర్చీలు వేశారు. ఆడవాళ్లు గోడ వారన నిలబడ్డారు. అత్త కూడా వచ్చింది. అంపైరుగా వస్తానన్న వేరే క్లబ్బు ఆయనకు జ్వరమని కబురొచ్చింది. మేష్ట్రే అంపైరుగా ఉంటానన్నారు. మడివాళ టీచరమ్మ సూటిగా, "ఉండండి సార్, మీ మీద నమ్మకమే. అయితే లెక్క మాత్రం ఇంకొకరు చెప్పాల, అందరికీ వినపడేట్ల చెప్పాల" అంది.

"మా కాపలామె చెప్తాది" అన్నారు మేష్ట్రు.

"మా వదినా?" అని ఆడపడుచు గట్టిగానే అంది. గోడ దగ్గర ఎవరో నవ్వారు. మేష్ట్రు నా దగ్గరికి వచ్చి, నాకు మాత్రమే వినిపించేలా, "మనుషుల్ని చూడొద్దప్పా. బంతిని చూడు. రాగులనుకో" అన్నారు.

వల పక్కన స్టూలు మీద నిలబడ్డాను. ఆట మొదలైంది. మొదటి పాయింటు మడివాళకు వచ్చింది. మేష్ట్రు వాళ్లవైపు చెయ్యి చూపించారు. నేను కళ్లు బంతి మీదే పెట్టుకుని, నోరు తెరిచి, వచ్చిన మొదటి మాట అనేశాను.

"లాభం!"

సందు చివరిదాకా వినిపించి ఉంటుంది. తర్వాత పెరడంతా నవ్వు. నవ్వనివాళ్లు కుర్చీల్లో ఉన్నవాళ్లే. వాళ్లందరూ వ్యాపారస్తులు. లాభం అన్న మాటను వాళ్లు తేలిగ్గా తీసుకోరు. గాజుల సావుకారు కుర్చీలోంచి లేచారు.

"ఏమమ్మా! మా పేటలో నిలబడి, మా నేల మీద, లాభం తీస్కపోయి మడివాళోళ్ల చేతిలో పెడతా ఉండావే! ఇదేం కొలతమ్మా?"

అత్త చెంగుతో ముఖం కప్పుకుంది. నేను స్టూలు దిగబోయాను. మేష్ట్రు చెయ్యెత్తి నన్ను ఆపి, ఆయనవైపు తిరిగారు.

"సావుకారూ, మీ అంగడిలో మన పేటోళ్లకి ఒక డజను, బయటూరోళ్లకి ఇంకో డజను ఉండాదా?"

"ఛీ ఛీ. ఆ మాట అనద్దు మేష్ట్రూ. డజనంటే డజనే."

"ఇదీ అంతేనప్పా. ముందు వాళ్లకొచ్చింది, వాళ్లకి చెప్పింది. మనకొస్తే మనకి చెప్తాది. కూర్చోండి, చూద్దాం." నావైపు తిరిగి, "నువ్వు కానీ తల్లీ. కొలత నిలపొద్దు" అన్నారు.

కొంతసేపటికి మాకూ మొదటి పాయింటు వచ్చింది. మా ఆడపడుచే తెచ్చింది. నేను "లాభం!" అనగానే సావుకారు తొడ చరిచి, "ఆఁ! అట్ల రావాల!" అన్నారు. అప్పటి నుంచి ఆ పెద్దల సంగతి వేరు. అంతవరకు వాళ్లకు ఆట ఒక ముక్క అర్థం కాలేదు. కొలత మాత్రం పుట్టినప్పటి నుంచి తెలుసు. నేను "పదకొండు పదకొండు" అంటే కుర్చీల్లోంచి కూడా "పదకొండు పదకొండు" అని వినిపించింది. ఒకాయన వేళ్లు ముడుచుకుంటున్నాడు. నేను ఎవరి ముఖమూ చూడలేదు. బంతిని చూశాను. రాగులే అనుకున్నాను.

ఇరవై తొమ్మిదికి ఆట. మొదటిది వాళ్లు గెలిచారు, రెండోది మేం గెలిచాం. మూడోది నిజంగా ఊపిరాడనివ్వలేదు. వాళ్లది ఇరవై ఎనిమిది, మాది ఇరవై ఆరు. మా సర్వీసు. బంతి పైకి లేచి పక్కింటి వాళ్లు బట్టలారేసుకునే తీగకు తగిలి అవతల పడింది. మేష్ట్రు మళ్లీ వేయమన్నారు. మళ్లీ వేశారు, మాకు పాయింటు వచ్చింది. ఇరవై ఏడు అన్నాను.

అంతే, గలాటా మొదలైంది. "ఇరవై ఎనిమిది!" అన్నారు గోడ దగ్గరివాళ్లు. తీగకు తగిలిందాన్ని కూడా వాళ్లు లెక్కేసుకున్నారు. సావుకారు లేచి, "ఇరవై ఎనిమిదే. నేను లెక్క పెడతానే ఉండాను" అన్నారు. అత్త గోడ దగ్గర్నుంచి నన్నే చూస్తోంది. ఆడపడుచు వల దగ్గరికి వచ్చి, "వదినా, సరిగ్గా చెప్పు వదినా! ఇరవై ఎనిమిది కదా!" అంటోంది. కళ్లలో నీళ్లు. ఇరవై ఎనిమిది అయితే సమానం. గెలిస్తే ఈ గంట నిలుస్తుంది. సావుకారు మాట కాదంటే నిలవకపోవచ్చు. ఇవన్నీ నాకు తెలుసు.

మేష్ట్రు అందరినీ ఊరుకోమని, "ఎంతప్పా?" అని నన్ను అడిగారు.

"ఇరవై ఏడు."

"వాళ్లకి వినపళ్లేదు."

"ఇరవై ఏడు! చిందింది కొలతలోకి రాదు!"

బళేపేటలో నలుగురి ముందు నేను పలికిన మొదటి వాక్యం అది. కొలిచేటప్పుడు కింద చిందిన గింజలు మళ్లీ కుప్పలోకి పోతాయే తప్ప లెక్కలోకి రావు. అది నాయన నాకు నేర్పిన మొదటి పాఠం. నాకు వేరే వాదన ఏదీ తెలియదు.

"ఇరవై ఏడే" అన్నారు మేష్ట్రు.

తర్వాత మూడు నిమిషాల్లో ఓడిపోయాం. ఆడపడుచు బ్యాటు కింద పెట్టి, నావైపు చూడకుండా పోయి మేష్ట్రమ్మ ఒళ్లో తల పెట్టుకుంది. మడివాళ టీచరమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నా చూపు మాత్రం కుర్చీలవైపే. సావుకారు నెమ్మదిగా నా దగ్గరికి వచ్చారు.

"చిందింది కొలతలోకి రాదని నీకెవరు చెప్పినారమ్మణ్ణీ?"

"మా నాయన."

"ఏ ఊరు?"

"చందాపుర. రాగుల అంగడి."

"ఊఁ" అన్నారు. పైపంచె దులిపి భుజాన వేసుకున్నారు. మేష్ట్రుతో, "పెట్టెలు ఇంకో చోట దించుకుంటాంలే. ఈ మడివాళోళ్లు మళ్లా ఎప్పుడొస్తారు?" అని అడిగారు.

మేష్ట్రు నావైపు చూసి, "ఇంకొకసారి అడగండి సావుకారూ, పిల్లోళ్లకి వినపళ్లేదు" అన్నారు. ఆయన మళ్లీ గట్టిగా అడిగారు. పిల్లల కేకలకు పక్కింటి తీగ మీది కాకులన్నీ లేచిపోయాయి. ఇంటికి చేరాక అత్త గడప దగ్గర చెప్పులు విడుస్తూ, "ఉప్పు అయిపోతే డబ్బా తెచ్చి ముందర పెడతావు. సందు చివరిదాకా వినపడే గొంతు పెట్టుకోని ఇన్నాళ్లూ నన్ను మోసం చేస్తివి కదే!" అంది. ఆ సాయంత్రం కాఫీ ఆమే పెట్టి ఇచ్చింది. ఆడపడుచు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, "వదినా, తీగకి తగిలింది నేనూ చూసినాలే" అని నా పక్కన వచ్చి పడుకుంది. ఆమె ఇప్పుడు ఒక బడిలో పిల్లలకు ఆటలు నేర్పుతోంది. మంచి తిండిపోతు కూడా అయింది.

ఆ మరుసటి వారం మేష్ట్రు బూట్ల సంచి బోర్లించి, "కాపలా సాకు. నీ కాలికి ఏది పడతాదో చూస్కో" అన్నారు. చీర దోపుకుని లోపలికి వెళ్లాను. వచ్చిన ప్రతి బంతినీ వదిలేశాను, వదిలేసిన ప్రతిసారీ "ఇంకొకసారి" విన్నాను. బాగా ఆడడం నాకు ఎప్పుడూ రాలేదు. ఆయన దాని గురించి ఎప్పుడూ బాధపడలేదు, నేనూ పడలేదు. ఇద్దరు పిల్లలు పుట్టాక ఆడడం తగ్గింది. మ్యాచి ఉంటే మాత్రం స్టూలు నాదే. మాట్లాడడం నాకు ఇప్పటికీ తక్కువే. అవసరమైనప్పుడు వస్తుంది, అది చాలు.

ఫ్యాక్టరీలో రిటైరయ్యాక ఆయన భోజనం కూడా తొందరగా ముగించి రెండుకే వచ్చి కూర్చునేవారు. "షిఫ్టు లేకపోతే ఈయప్పకి గడియారం కనపడదమ్మా" అని మేష్ట్రమ్మ విసుక్కునేది.

ఆయన్ని తీసుకెళ్లిన రోజు సందులో మనుషులు పట్టలేదు. మోసేవాళ్లు ఎక్కువై, నేనంటే నేనని తోసుకున్నారు. తలలు నెరిసినవాళ్లు కూడా చిన్నపిల్లల్లా కొట్లాడుకున్నారు. చివరికి పూలామె కొడుకు కండక్టరు గొంతుతో, "వరసగా రండప్పా, అందరికీ టిక్కెట్టు ఉండాది!" అని అరిచాడు. వరుస కట్టారు. నవ్వుతూ, ముక్కులు ఎగబీలుస్తూ మోసుకుపోయారు.

పదమూడో రోజు భోజనాలయ్యాక పేట పెద్దలు ఆటలింట్లో కూర్చున్నారు. గాజుల సావుకారుకు ఇప్పుడు చూపు సరిగ్గా లేదు, మనవరాలు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. సాయంత్రం మగపిల్లల్ని చూసుకోవడానికి పాత ఆటగాళ్లు నలుగురు ముందుకొచ్చారు. అప్పుడు సావుకారు, "అది సరే. మూడింటికి తలుపెవరు తీస్తారు?" అన్నారు.

వెనక నుంచి అత్త గొంతు వచ్చింది.

"మా కోడలు తీస్తాది."

మేష్ట్రమ్మ కొంగు ముడిలోంచి తాళంచెవి విప్పి నా చేతిలో పెట్టింది. నేను తలూపాను. "అప్పుడప్పుడు నోటితోనూ చెప్పమ్మా" అన్నారెవరో. "తీస్తాను" అన్నాను.

నిన్న మొదటి రోజు. నీళ్లు చల్లడం ఆలస్యమై పెరడంతా దుమ్ము లేచింది. పదిమంది పిల్లలు వచ్చారు. సావుకారు మనవరాలు కొట్టిన బంతి పోయి హాలు కప్పు మీద పడింది. ఒక పిల్ల పరికిణీ ఎగదోపుకుని నిచ్చెన ఎక్కింది. పైకి పోయి చాలాసేపు దిగలేదు. "ఏమే, దొరికిందా లేదా?" అని అందరూ కింది నుంచి కేకలు.

"దొరికింది. ఇంకొకటి కూడా ఉండాది, పాతది. అది మాత్రం తీసేదానికి లేదక్కా" అంది ఆ పిల్ల, గొంతు తగ్గించి.

నేనూ నాలుగు మెట్లు ఎక్కి చూశాను. చూరు కింద పెంకుల సందులో ఎన్నాళ్ల కిందటో చిక్కుకుపోయిన ఒక బంతి. దాని ఉన్ని అంతా పిచ్చుకలు పోగులు పోగులుగా పీకి గూడు అల్లుకున్నాయి. ఎండ పడి వెలిసిన పసుపు రంగు గూడు. అందులో ఇంకా కళ్లు తెరవని మూడు పిల్లలు, మా అలికిడికి తల్లే వచ్చిందనుకుని, మూడు నోళ్లూ ఒక్కసారిగా తెరిచాయి.